అంచు కోయలేదు

కాజీపేట రైల్వే పిల్లల లైబ్రరీ నుంచి
సిమెంటు సంచిల వచ్చినయి పుస్తకాలు.
సంచి మూతికి సుతిలి, సుతిలికి చీటి:
"ఓదెలు గారికి. బైండింగు. పన్నెండు. జెర తొందర."

తొమ్మిది తలుపుల గుట్ట, తొమ్మిది భాగాలు.
వాటెంట మూడు తోడుపుస్తకాలు:
ఒకటి పటాలది, ఒకటి గుట్ట మీది వంటలది,
ఇంకోటి జీవుల పేర్లది, అకారాది వరుసల.

ముప్పై ఏండ్ల సంది మట్టెవాడ గల్లీల ఇదే పని నాది.
పుస్తకం ఎక్కడ విరిగిందో చూస్తే
పిల్లలు ఎక్కడ ఏడ్చిన్రో తెలుస్తది.
మూడో భాగం ఎన్నిసార్లు కుట్టినా
నూట పన్నెండో పేజీ కాడ్నే ఇడుస్తది.
అక్కడ గుడ్డి గుర్రం వాగు దాటదు.
ఆరో భాగం మాత్రం కొత్తదాని లెక్కనే ఉన్నది,
అండ్ల పెద్దోళ్ల మాటలెక్కువ.

తోడుపుస్తకాలు నా కాడికి రావుడు ఇదే మొదలు.
ఇన్నేండ్లు గడప దాటనియ్యలేదట పిల్లలు.
అరిగింది అన్నిటికంటె ఇవే.
కథ ఒడిసినంక కూడా ఇంటికి పోబుద్ధిగాక
ఇండ్లనే కూసున్నరు, మబ్బుల దాకా.
పటంల నాలుగో తలుపు కాడ చిల్లు;
అందరి ఏలు ఆడ్నే ఆగింది.
వంటల పుస్తకంల "నీడ గారెలు" పేజీకి
నిజం నూనె మరక.
ఎవరో చేసి చూసిండ్రు.
నీడ ఏ దుకాన్ల దొరికిందో రాయలేదు.

గుట్ట ఏడున్నదో అచ్చుల లేదు.
ఒకడు పటం మీద మడికొండ అని రాసిండు.
ఇంకొకడు కొట్టేసి, పద్మాక్షి గుట్ట అన్నడు.
కింద ఎర్రసిరా:
"రెండూ కాదు. లోకోషెడ్ ఎనుక. నేను చూసిన."

జీవుల పుస్తకం చివర
అచ్చేసినోళ్లు ఎనిమిది తెల్లపేజీలు ఇడిసిండ్రు,
మీరు చూసినవి ఇక్కడ రాయండి అని.
చాలలేదు.
రాత మర్లి ఎనకకొచ్చి అంచులెక్కింది.

నిన్న పొద్దుగూకినంక నుస్రత్ వచ్చింది,
ఏడో తరగతి, సైకిల్ స్టాండు గుడ వెయ్యలే.
"తాతా, గుంజపిట్ట ఏ భాగంల వస్తది?
తొమ్మిదీ సదివిన. రెండుసార్లు. దొరకలే."
ఏ గుంజపిట్ట బిడ్డా?
"రైలు కూతను మింగుతది చూడు, అది!
మా క్లాసుల అందరికెరుకే."

సంచిలకెళ్లి తీసిన.
గ అక్షరం పక్కన, అంచుకు ఆనుకొని, వంకర పెన్సిలు:
"గుంజపిట్ట. సిగ్నలు గుంజ మీద ఉంటది.
నైట్ డ్యూటీ చేసొచ్చిన నాయిన పండుకుంటె
పగటి కూతలన్ని మింగి
రాత్రికి ఊస్తది.
ఇ. రాజకొమురయ్య, 6 బి, 1988."

నుస్రత్ మెల్లగ సదివింది, ఏలు పెట్టి.
"అంటే కథ రాసినాయన రాయలేదా?"
లేదు.
"ఆయినకు ఎరుకలేదా?"
లేకపోవచ్చు అన్న. ఆయిన కాజీపేటల ఉండెనా?
ఆ మాటకు నవ్వలే పిల్ల.
నిజమే అన్నట్టు తలూపి, సైకిల్ ఎక్కింది.

కుట్టు అయినంక మూడు దిక్కుల కొయ్యాలె.
అంచు కోస్తనే అది పుస్తకం, లేకుంటె కట్ట,
అనేటోడు నాకు పని నేర్పిన ఉస్తాదు.
పదకొండు కోసిన, గీత గీసినట్టు,
నూనె పెట్టి దువ్విన తలల తీర్గ.
పన్నెండోది మిషను కింద పెట్టి, పిడి పట్టి,
చూసిన:
అర్ధ ఏలు కోస్తే
రాజకొమురయ్యల రాజ మిగుల్తడు,
కొమురయ్య నేల మీద పడ్తడు.
పొద్దున ఊడ్సి పొయ్యిల పెడ్తది మా ఇంటామె.

పిడి ఇడిసిన.
గట్లనే అట్ట వేసిన, ఎగుడుదిగుడుగ,
చివర ఇంకో పదహారు తెల్లకాయితాలు పెట్టి.

క్లర్కు అడుగుతడు, ఇదొక్కటి గిట్లెందుకని.
బిల్లుల ముందే రాసిపెట్టిన:
కుట్టు పన్నెండు.
అట్ట పన్నెండు.
కోత పదకొండు.